కేస్‌షీటు బాబాయి చేప వైద్యం

చిట్టి వాళ్ళ బాబాయికి ఒకటే పిచ్చి. లోకంలో ఏ వస్తువు పాడైనా, ఏ ప్రాణికి నలతగా ఉన్నా, ముందు దాని పేర ఒక కేస్‌షీటు తెరవాలి. అందులో గళ్ళన్నీ నింపాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆయన చెయ్యి వెయ్యడు, ఇల్లు మునిగిపోతున్నా సరే.

ఇల్లు మునగడం మాటవరసకి అన్నది కాదు. ఒకసారి నిజంగానే వంటింట్లో కుళాయి ఊడి వచ్చింది. పిన్ని రెండు చేతులతో ఆ కన్నం మూసి పట్టుకుని, చీలమండల దాకా నీళ్ళలో నిలబడి కేకలు పెడుతోంది. బాబాయి గుమ్మంలో ఆగి, కళ్ళజోడు తుడుచుకుని, అట్ట మీద కాగితం బిగించాడు.

"కుళాయి వయసెంత?"

"నా వయసు అడగండి! ఇక్కడే ముసలిదాన్నయిపోయేలా ఉన్నాను!"

"ఈ బాధ ఎప్పటినుంచి?"

"మీతో పెళ్ళయినప్పటినుంచి!"

ఆ మాట కూడా గళ్ళో రాసుకున్నాడని పిన్ని ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

బాబాయి డాక్టరు కాదు, కాంపౌండరూ కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు పెద్దాసుపత్రి రికార్డు గదిలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. అన్నేళ్ళలో ఒక్క రోగినీ ముట్టుకోలేదు గానీ, ప్రతి రోగినీ అక్షరం పొల్లుపోకుండా చదివాడు. "డాక్టర్లు ఎక్కడ పొరబడతారో తెలుసా? అడగడం పూర్తికాకముందే మందు రాయడంలో" అంటాడు. ఆ మాట అనడానికి ఆయనకి సందర్భం అక్కర్లేదు. పెళ్ళి భోజనాల్లో కూడా అంటాడు.

వైద్యం సంగతి ఎలా ఉన్నా, కారణాలు పట్టుకోవడంలో మాత్రం బాబాయి హస్తవాసి మీద ఇంట్లో ఎవరికీ పెద్ద నమ్మకం లేదు. ఎందుకంటే 'కారణం' అన్న గడిలో ఆయన తరచుగా రాసేది ఒకటే మాట: పిల్లి. తాతయ్య కళ్ళజోడు విరిగితే, పిల్లి. ఎదురింటావిడ అరువు పట్టుకెళ్ళిన గొడుగు చువ్వలు వంగి తిరిగొస్తే, పిల్లి. చిట్టికి ఏడేళ్ళప్పుడు నిలువుటద్దం భళ్ళున పగిలిపోతే అదీ పిల్లే. ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో పిల్లి అన్నదే లేదు.

"ఈయనకి పిల్లులతో ఏదో పాత పగ ఉందే" అనేది పిన్ని.

అలాంటి బాబాయికి ఒక బుధవారం పొద్దున్నే చిట్టి ఫోన్ చేసింది. ఏడుపొక్కటే తక్కువ.

"బాబాయ్, మా అత్తగారి చేప తిరగబడిపోయింది!"

"ఎవరి మీద?"

"ఎవరి మీదా కాదు బాబాయ్, పొట్ట పైకి, వీపు కిందకి! నువ్వు వెంటనే రా."

చిట్టి కంగారుకి కారణం ఉంది. వాళ్ళ అత్తగారు కూతురి ఇంటికి వెళ్తూ, లిఫ్టు తలుపు మూసుకుంటుండగా కూడా ఒకటే అప్పగింత పెట్టింది. "మొక్కలు ఎండినా నేనేమీ అనను. మీ ఆయన చిక్కినా ఏమీ అనను. నా బంగారాన్ని మాత్రం నీ చేతుల్లో పెడుతున్నాను." బంగారం అంటే మూడేళ్ళుగా హాల్లో గాజు తొట్టెలో ఈదుతున్న గోల్డ్‌ఫిష్. అత్తగారు ఆదివారం సాయంత్రం దిగుతుంది. రోజూ ఫోన్ చేసి బంగారం ఎలా ఉందని అడుగుతుంది. చిట్టి నిన్న "నిక్షేపంగా ఉందత్తయ్యా" అని చెప్పేసింది కూడా. అప్పటికే అది వాలుగా ఈదుతోంది.

బాబాయి అరగంటలో వచ్చాడు. చంకలో ఫైలు, జేబులో మూడు రంగుల పెన్నులు. తొట్టె వైపు కన్నెత్తి చూడకుండా కుర్చీలో కూర్చున్నాడు.

"రోగి పేరు?"

"బంగారం. ముందు ఒకసారి చూడు బాబాయ్, దాని ప్రాణం పోయేలా ఉంది!"

"వయసు?"

"మూడేళ్ళు."

"ఆడా, మగా?"

చిట్టి తెల్లమొహం వేసింది. భర్త వైపు చూసింది. ఆఫీసుకి బయలుదేరబోతూ ఒక కాలికి బూటు తొడుక్కుని నిలబడ్డ అతను "నేనెప్పుడూ అడగలేదు" అన్నాడు. బాబాయి పెన్ను గాల్లో ఆగిపోయింది. గడి ఖాళీగా ఉండకూడదు కదా. చేపల దుకాణం అతనికి ఫోన్ చేశారు. అతను కాసేపు ఆలోచించి, "అమ్మేటప్పుడు మేమూ చూడమండీ" అన్నాడు. బాబాయి ఎర్ర పెన్నుతో రాశాడు: 'లింగం: అమ్మినవాడికే తెలియదు.'

"వృత్తి?"

"చేపకి వృత్తేమిటి మామయ్యగారూ?" అన్నాడు అల్లుడు.

బాబాయి అతనికేసి జాలిగా చూసి, 'వృత్తి: ఈత. ప్రస్తుతం సెలవులో' అని రాసుకున్నాడు.

తర్వాత బరువు. వంటింటి త్రాసు మీద నీళ్ళ గిన్నె పెట్టి తూచి, చేపని అందులో వేసి మళ్ళీ తూచారు. తర్వాత నాడి. చేపకి మణికట్టు లేదు గనక, మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు ఆడుతున్నాయో గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. లెక్క మధ్యలో అల్లుడు తుమ్మాడని మళ్ళీ మొదలుపెట్టాడు. అంతసేపూ బంగారం పాపం కిందికి మునగబోవడం, బెండు ముక్కలా పైకి తేలిపోవడం. పొట్ట చూస్తే నిండు బంతిలా ఉంది.

"ఇంటర్నెట్‌లో పద్నాలుగు రోగాలు చూపిస్తోంది మామయ్యగారూ" అన్నాడు అల్లుడు. "పదమూడింటికి మందు లేదట."

"ఇంటర్నెట్ మిమ్మల్ని ఏమైనా అడిగిందా?"

"లేదు."

"అదీ సంగతి. అడక్కుండా చెప్పేవాణ్ణి నమ్మకూడదు. ఇప్పుడు ఆహారం. సాక్షులు ఒక్కొక్కరే రండి."

బాల్కనీలో విచారణ జరిగింది. చిట్టి పొద్దున ఒక చిటికెడు వేస్తున్నానంది. అల్లుడు కాసేపు నీళ్ళు నమిలి, సాయంత్రం తను కూడా ఒక చిటికెడు వేస్తున్నానని ఒప్పుకున్నాడు. "చిట్టి మర్చిపోయిందేమోనని..." అన్నాడు. "నేనా మర్చిపోయేది?" అంటూ చిట్టి తలుపు వెనకనుంచి దూసుకొచ్చింది. సాక్షులు ఒకరి వాంగ్మూలం ఒకరు వినకూడదని బాబాయి ఆమెని లోపలికి పంపేశాడు.

మూడో సాక్షి చిట్టి మామగారు. రిటైరైన జాగ్రఫీ మాస్టారు. మనిషి గంభీరం, మాట తక్కువ. ఆ చేప ఇంటికి వచ్చిన రోజే "ఈ ఎర్ర ముక్కకి ఇంత గాజు మేడ ఎందుకు?" అన్నాడు. మూడేళ్ళుగా ఆ మాట మీదే ఉన్నాడు. 

"బావగారూ, మీరేమైనా వేస్తున్నారా?"

"నేనా? ఆ ఎర్ర ముక్కతో నాకేం పని?" అని పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

బాబాయి మేత డబ్బా తెప్పించాడు. అత్తగారు వెళ్ళిన రోజున మూత తీసిన డబ్బా, రెండు నెలలు రావాలి. వారం తిరిగేసరికి అడుగు కనిపిస్తోంది. చిట్టి చిటికెడూ అల్లుడి చిటికెడూ ఎంత పెద్దవైనా అంత అవవు. బాబాయి కుర్చీ తొట్టె పక్కకి జరుపుకుని ఊరికే కూర్చున్నాడు.

చిట్టి తొట్టె దగ్గరికి వచ్చింది. బంగారం కదల్లేదు. అల్లుడు రెండో బూటు కోసం అటే వెళ్ళాడు. కదల్లేదు. ఇంతలో మాస్టారు పేపరు చంకలో పెట్టుకుని మంచినీళ్ళ కోసం అటుగా నడిచాడు. అంతే. తల్లకిందులుగా ఉన్న చేప, ఆ పొట్టతో, ఆ అవస్థలో, తోక కొట్టుకుంటూ గాజు దాకా ఈదుకొచ్చి, నోరు తెరిచి నిలబడింది. మాస్టారు మొహం తిప్పుకుని వేగంగా వెళ్ళిపోయాడు. ఆయన చొక్కా జేబు అంచున ఎర్రటి మేత పొడి.

బాబాయి పెన్నుకి క్యాప్ పెట్టేసి, మాస్టారి వెనకే బాల్కనీలోకి నడిచాడు.

చిట్టి టీ పట్టుకుని బాల్కనీ గుమ్మం దాకా వెళ్ళేసరికి మాస్టారి గొంతు వినిపించింది, ఎప్పుడూ వినని గొంతు.

"మీకేం బావగారూ, అడిగారు. పిల్లలిద్దరూ ఆఫీసులకి పోతారు. ఆవిడ లేదు. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఇంట్లో నేనూ అదీ. నేను అటు వెళ్తే చాలు, పరిగెత్తుకొస్తుంది. అంత ఆత్రంగా వచ్చినదాన్ని వట్టి నోటితో పంపడం మర్యాద కాదు కదా."

"రోజుకి ఎన్నిసార్లు వస్తుంది?"

"నేను ఎన్నిసార్లు వెళ్తే అన్నిసార్లు."

"మీరు ఎన్నిసార్లు వెళ్తారు?"

"ఆవిడకి మాత్రం తెలియకూడదు" అన్నాడు మాస్టారు చివరికి. "మూడేళ్ళు దాన్ని తిట్టి, ఇప్పుడు ముద్దు చేసి చంపానంటే నేను ఈ ఇంట్లో తలెత్తుకోలేను." 

చిట్టి చప్పుడు కాకుండా వెనక్కి వచ్చి, టీ కప్పులతో గట్టిగా శబ్దం చేస్తూ మళ్ళీ వెళ్ళింది. మనసులో మాత్రం ఆయన మీద పట్టలేనంత జాలి వేసింది. వారం రోజులుగా ఆవిడ ఫోన్‌లో బంగారం ఎలా ఉందనే అడిగింది, ఈయన ఎలా ఉన్నాడని చిట్టి కూడా అడగలేదు.

బాబాయి కేస్‌షీటు మొత్తం దుకాణం అతనికి ఫోన్‌లో చదివి వినిపించాడు. అతను "ఇంత వివరంగా చెప్పాక ఇంక నేను చెప్పేదేముందండీ, తిండెక్కువై పొట్ట ఉబ్బింది. అది లోపలి గాలి తిత్తిని నొక్కుతోంది, అందుకే మునగలేకపోతోంది" అన్నాడు. చికిత్స: మూడు రోజులు పస్తు. కుళాయి నీళ్ళు ఒక రోజు బకెట్‌లో నిలవబెట్టి, తొట్టె నీళ్ళలో మూడో వంతు మార్చడం. శనివారం ఉడికించి తొక్క తీసిన బఠాణీ, ముక్కలు చేసి.

మేత డబ్బాని బాబాయి తన సంచిలో వేసుకున్నాడు. తర్వాత మాస్టారి వైపు తిరిగాడు. "బావగారూ, రోగి దగ్గర గంటగంటకీ రాయడానికి ఒక నర్సు కావాలి. పగలంతా ఇంట్లో ఉండే మనిషే పనికొస్తారు."

"ఆ ఎర్ర ముక్కకి నేను నర్సునా?" అన్నాడు మాస్టారు. అంటూనే పెన్ను అందుకున్నాడు.

ఆ రోజునుంచి ఆయన తొట్టె ముందు కుర్చీ వేసుకుని కదిలితే ఒట్టు. జాగ్రఫీ మాస్టారు కదా, రాత కూడా అలాగే సాగింది. 'ఉదయం పది: రోగి ఈశాన్య మూలన. పదకొండు: నైరుతి దిశగా నాలుగు అంగుళాల ప్రయాణం. పన్నెండు: ఉపరితలంపై విశ్రాంతి. అలలు స్వల్పం.' శుక్రవారం నాటికి తొట్టె పటం గీసి, పస్తులో ఉన్న చేప తిరిగిన దారులు చుక్కలతో గుర్తించాడు. ఆకలి వేసి అది తన ముందుకొచ్చి నోరు తెరిచినప్పుడల్లా, "ఇంకొక్క రోజు ఓర్చుకో" అని గాజు దగ్గరికి వంగి చెప్పాడు. ఆ మాట కాగితం మీద రాయలేదు.

శనివారం బఠాణీ వచ్చింది. చిట్టి వేస్తే చేప నోట్లో పెట్టుకుని తుపుక్కున ఊసింది. అల్లుడు వేసినా ఊసింది. ఇద్దరూ మాస్టారి వంక చూశారు. ఆయన దగ్గి, చొక్కా సర్దుకుని, ముక్కని రెండు వేళ్ళతో నీళ్ళలోకి వదిలాడు. బంగారం గుటుక్కున మింగింది. ఆ వెంటనే చిట్టికి వంటింట్లో ఏదో పని గుర్తొచ్చింది. అల్లుడికీ గుర్తొచ్చింది.

ఆదివారం ఉదయం బాబాయి వచ్చేసరికి మాస్టారు గుమ్మంలోనే ఎదురుచూస్తున్నాడు. "రాత్రి పదకొండు గంటల ఇరవై నిమిషాలకి రోగికి విరేచనమైంది" అని ప్రకటించాడు. "పొడవు ఒకటిన్నర అంగుళాలు. దక్షిణం నుంచి ఉత్తరానికి." బాబాయి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. తొట్టెలో బంగారం వీపు పైకి, పొట్ట కిందకి, చేపలా ఈదుతోంది.

సాయంత్రం అత్తగారు దిగింది. పెట్టె గుమ్మంలోనే వదిలేసి తొట్టె దగ్గరికి వెళ్ళింది. తొట్టె పక్కన తొమ్మిది పేజీల కేస్‌షీటు, ఒక పటం, నిలువుగా నిలబడ్డ భర్త. ఆమె ఒక్కొక్క పేజీ తిప్పింది. మాస్టారు గోడ గడియారం వంక తీక్షణంగా చూస్తున్నాడు.

"అన్నయ్యగారూ, 'కారణం: పిల్లి' అని రాశారేమిటి?"

"అవును చెల్లెమ్మగారూ. కిటికీలోంచి తొంగి చూసింది. రోగికి బెంగ, బెంగ వల్ల అజీర్ణం."

"మనది నాలుగో అంతస్తు."

"ఎక్కే పిల్లి."

ఆమె మళ్ళీ పటం కేసి చూసింది. ఆ అక్షరాలు ఎవరివో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. భర్త జేబు అంచున ఇంకా వదలని ఎర్ర మరక కూడా చూసింది. బాబాయి సంచిలోంచి తీసిచ్చిన మేత డబ్బాని తీసుకెళ్ళి, తన గదిలో కాకుండా, మాస్టారి పేపర్ల పక్కన పెట్టింది.

"ఆ పిల్లి మళ్ళీ కనిపిస్తే చెప్పండి" అంది. "రోజుకి ఒక్కసారి, ఒక్క చిటికెడు మాత్రమే వెయ్యమని. ఇంకేమైనా తోస్తే నాతో కబుర్లు చెప్పమని."

"కనిపిస్తే చెబుతాను" అన్నాడు మాస్టారు, గడియారం వైపు చూస్తూనే. చెవులు మాత్రం బంగారం రంగుకి తిరిగాయి.

బాబాయిని లిఫ్టు దాకా దిగబెట్టడానికి చిట్టి వెళ్ళింది. లిఫ్టు పైకి రావడానికి కాస్త సమయం పట్టింది. ఆమె కాలి బొటనవేలితో నేల రాస్తూ నిలబడింది.

"బాబాయ్, నా చిన్నప్పుడు మనింట్లో నిలువుటద్దం పగిలింది, గుర్తుందా? అది నేనే. ముందు నిలబడి గెంతుతూ దువ్వెన విసిరాను. నువ్వు పిల్లి అని రాశావు. ఇన్నేళ్ళూ నిన్ను భలే బోల్తా కొట్టించాననుకున్నాను. అసలు మన వీధిలో పిల్లే లేదు."

"ఎందుకు లేదు?" అన్నాడు బాబాయి, ఫైలు చంకలో సర్దుకుని లిఫ్టులోకి అడుగుపెడుతూ. "నా కళ్ళారా చూశాను. రెండు జడలు వేసుకుని, నా మంచం కింద దూరి, సాయంత్రం దాకా వణుకుతూ కూర్చుంది."