అందరికన్నా వెనక నడిచిన సారు

మా డ్రిల్లు సారు పోయారని నాకు పుంగనూరులో, మా బట్టలంగడిలో, రవిక గుడ్డ కత్తిరిస్తుండగా తెలిసింది. కొనడానికి వచ్చినావిడే చెప్పింది. మా ఆయన సరుకు కోసం ఊరెళ్లారు. "అంగడి మూసి పోతే బేరం ఎవురు సూస్తారమ్మా?" అంది మా అత్త. సాయంత్రం బస్సెక్కి మదనపల్లె చేరేసరికి అంతా అయిపోయింది. కడసారి చూపు కూడా నాకు దక్కలేదు.

బడిలో నన్ను పరుగెత్తించింది ఆయనే. పెళ్లయ్యాక ఏళ్లకేళ్లు గల్లాపెట్టె వెనక కూర్చున్నాను. రిటైరయ్యాక సారు మదనపల్లె పక్క కొండ మీద ఏటా ఒక పరుగు పందెం మొదలుపెట్టారు. వచ్చిన రుసుముతో కొండదారుల్లో ముళ్లకంప కొట్టించడం, వానకు కోసుకుపోయిన చోట రాళ్లు పేర్పించడం. ఒకరోజు అంగడికొచ్చి, జానెడు గుడ్డ కూడా కొనకుండా, నేరుగా మా అత్తనే అడిగారు.

"ఒక్క పొద్దు పంపించమ్మా. మధ్యాన్నానికి నేనే తెచ్చి ఈడ దింపుతా."

అంత పెద్దాయన అడిగితే ఆమె కాదనలేకపోయింది. ఆ ఏడు ఆడవాళ్లలో నేనే మొదట వచ్చాను.

సారు పెట్టిన నియమం ఒకటుంది. ఈసారి గెలిచినవాళ్లు వచ్చే ఏడు పరుగెత్తకూడదు. అందరికన్నా వెనకబడిన మనిషికి తోడుగా నడవాలి. కొండ మీద ఎవరూ ఒంటరిగా మిగిలిపోకూడదని ఆయన పట్టుదల. తీరా చూస్తే, మరుసటి ఏడు ఆ వెనకబడిన మనిషి సారే. ప్రతి మలుపులో ఆగడం, ఏదో ఒక చెట్టు చూపించి దాని పేరడగడం. నాకు ఒళ్లు మండింది. ఏడాదికి దొరికేది ఒక్క పొద్దు, అదీ ఈ నత్తనడకకే పోతే ఎలా?

"కొంచెం బిన్నా నడవండి సార్" అని తొందరపెట్టాను.

"బిన్నా పోతే బిన్నా అయిపోతాది కదమ్మా. కిందికి దిగినాక మళ్లా నీకు అంగడే కదా" అన్నారు.

ఆ నాలుగు గోడల మధ్య నాకెంత ఊపిరాడదో ఎవరికీ చెప్పుకోలేదు. ఆయనకు ఎలా తెలిసిందో. ఆ తర్వాత గెలవాలనే అనుకోలేదు. గెలిచినవాళ్లకు వెనక నడవడం చిన్నతనంగా ఉండేది కనుక ఆ చోటు ఏటా నాకే వచ్చేది.

ఈ ఏడు పందెం ఆయన పోయిన నెలకే వచ్చింది. "సారే లేకపాయె, ఇంక ఆడ నీకేం పని?" అంది అత్త. మధ్యాహ్నానికల్లా వస్తానని మొండికేసి వెళ్లాను.

ఈసారి వెనకబడింది కుప్పం నుంచి వచ్చిన ఒక కొత్త కోడలు. చీర మీదే బూట్లు వేసుకుంది. నాలుగడుగులు వేయడం, ఫోను చూసుకోవడం.

"బిన్నా పోదాం అక్కా. ఇంట్లో కాసుకోని ఉండారు" అంది.

నా ఫోనూ మోగుతూనే ఉంది. దారి పక్క బండ మీద కూలబడ్డాను.

"కాళ్లు నొస్తాండాయి పాపా. రవ్వంతసేపు కూసుందాం రా" అన్నాను.

నాకు నొప్పీ లేదు, గిప్పీ లేదు. ఆ పిల్ల కాసేపు తటపటాయించి, ఫోను కొంగులో చుట్టేసి నా పక్కన కూర్చుంది.