నీళ్లంటే పడని నూలు

మా కంపెనీ చెట్లను నమ్ముకుని బతికే కంపెనీ. ఎక్కడో దూరాన నీలగిరి చెట్ల తోటలు పెంచి, ఆ కర్రను గుజ్జు చేసి కాగితం మిల్లులకు అమ్మేది. నేను దాని సూరత్ ఆఫీసులో చేరేనాటికే పెద్దవాళ్ల మాటల్లో కాగితం దూరపు చుట్టమైపోయింది. ప్రపంచమంతా ఫోన్లలోనే చదువుతోందట. విదేశాల బట్టల కంపెనీలకు పెట్రోలియంలోంచి పుట్టే పాలిస్టర్ మీద మనసు విరిగిందట. ఇకమీదట మన గుజ్జుతో విస్కోస్ నూలు తీయాలట. మీటింగుల్లో ఈ ‘అట’లు వినీవినీ నాకు విసుగెత్తేది. ఊరు ఊరంతా పాలిస్టర్ నేస్తుంటే, ఈ చెట్టునూలు నేసేవాళ్లను వెతికిపెట్టే పని మాత్రం నా నెత్తిన పడింది.

మా బాపు తెలుగు నేల నుంచి వలస వచ్చి, సూరత్ పక్కన జోల్వాలో సొంత మరమగ్గాలు నడిపేవాడు. పోగును నాడెతో అటూ ఇటూ విసిరే పాతకాలం మగ్గాలు; ఇంట్లో వాటిని సాంచాలు అంటాం. చుట్టూ ఉన్న షెడ్లలోకి నీటిధారతో పోగును విసిరే కొత్త మిషన్లు వచ్చాక ఆయనకు పని సన్నగిల్లింది. పాత ఇనుము కొనే ఒకాయన అప్పుడప్పుడూ వచ్చి, కటికాయన మేకను చూసినట్టు మగ్గాలను తేరిపార చూసి పోయేవాడు. ఆయన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది.

చెట్టునూలుకు నీళ్లంటే పడదు. తడిస్తే పోగు బలం పోయి తెగిపోతుంది. నీటి మిషన్ల మీద అది నడవనే నడవదు. ఊరంతా వదిలేసిన పొడి మగ్గాలే మా కంపెనీకి కావలసి వచ్చాయి. ఆ సంగతి తెలిసిన రోజు నేను ఆఫీసు మెట్ల మీద నిలబడి బాపుకు ఫోన్ చేశాను.

"ఇది నీటి మిషన్ల మీద నడువదట బాపూ! నీ సాంచాలే గావాల్నట!"

"గట్లనా? ముసలి సాంచాలకు గూడ మంచి దినాలొస్తున్నయన్నట్టు," అని నవ్వాడు. ఆయన అలా నవ్వి చాలాకాలమైంది.

మా మేడమ్ గుజరాతీ ఆవిడ. సంగతి దాచకుండా చెబితే, "మీ నాన్నగారి కార్ఖానా అయితే మంచిదే. కానీ గుడ్డ బాగా రాకపోతే నేను చుట్టరికం చూడను," అంది ముఖాన కొట్టినట్టు. బార్డోలీలో ఇలాంటి మగ్గాలే ఉన్న మరో షెడ్డు కాచుకుని కూర్చుంది. బాపు దగ్గర గుడ్డ నిలబడితే ఆ పనంతా ఆయనది. నిలబడకపోతే మగ్గాలు పాత ఇనుములోకే.

విదేశీ కంపెనీ తరఫున ముంబై నుంచి ఒక ఏజెంటు వస్తాడన్నారు. ఏ తోట కర్ర, నరికిన చోట మళ్లీ మొక్క నాటారా అని వాళ్లు గుచ్చిగుచ్చి అడుగుతారు. వాటన్నిటికీ జవాబులు బట్టీపట్టాను.

ఆ రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. మేడమ్, ఏజెంటు, నేను షెడ్డులోకి వెళ్లేసరికి బాపు మగ్గాలకు మా చెట్టునూలు ఎక్కించి, ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని నిలబడి ఉన్నాడు. మీట నొక్కాడు. మగ్గాలు మోత పెట్టాయి. కాసేపు గుడ్డ బాగానే దిగింది.

అంతలో ఒక పోగు తెగింది. బాపు మగ్గం ఆపి ముడి వేశాడు. మళ్లీ తెగింది. పక్క మగ్గం మీద ఒకేసారి నాలుగైదు పుటుక్కుమన్నాయి. ఏజెంటు వంగి, తెగిన పోగును వేళ్లతో లాగి చూశాడు. అది ఇట్టే తెగి చేతిలోకి వచ్చింది.

"ఇదేనా మీ కొత్త నూలు?" అన్నాడు మేడమ్ వైపు తిరిగి.

నేను కిందికి చూశాను. పడుగు కింద, పోగులకు ఆనుకుని, తడి గోనెపట్ట పరిచి ఉంది. పడుగు మీద నీటి మచ్చలు. మగ్గం వెనక నీళ్ల చెంబు.

అది ఇంకా ఎవరూ చూడలేదు. తప్పు నూలుదేనని అనుకుంటే నూలు మిల్లువాళ్లు ఇంకో రకం పంపుతారు, దాన్ని మళ్లీ ఇక్కడే నేసి చూస్తారు. తప్పు బాపుదని తేలితే ఈ గడప మళ్లీ తొక్కరు. ఇంకేం ఆలోచించలేదు. కాలితో ఆ గోనెపట్టను మెల్లగా మగ్గం కిందికి తోశాను. జీతమిచ్చే కంపెనీకి ద్రోహమేనంటారా, అనుకోండి. ఇప్పటికీ నాకు సిగ్గు లేదు.

తల ఎత్తేసరికి బాపు నా కాలి వైపే చూస్తున్నాడు. మగ్గాలన్నీ ఆపేశాడు. వచ్చీరాని హిందీలో మొదలుపెట్టి, అందక మా తెలుగులోకి దిగి, మేడమ్‌కు చెప్పమని నాకు సైగ చేశాడు.

"నూలు మంచిగనే ఉన్నది. నీళ్లు నేనే చల్లిన."

"చెప్పు బిడ్డా," అన్నాడు. చెప్పాను.

"ఎందుకు కాకా?" అంది మేడమ్.

"ముట్టుకుంటే అచ్చం పత్తి లెక్కనే ఉండె. మా నాయిన గుంట మగ్గం మీద ఎండకాలమొస్తే పడుగు కింద తడిగుడ్డ పెట్టేటోడు. పత్తి తడిస్తే గట్టివడ్తది. మిషన్ నీళ్లు వేరు, చేతి నీళ్లు వేరనుకున్న."

జన్మంతా పాలిస్టర్ నేసినవాడైతే ఆ చెంబు ముట్టుకునేవాడే కాడు. పత్తి మగ్గం పక్కన పుట్టినందుకే ఆ పని చేశాడు. ఏజెంటు ఇంకా విప్పని నూలు కండె ఒకటి తీసి పొడి పోగును లాగి చూశాడు. తెగకుండా ఆగింది. మేడమ్ బాపుకు దండం పెట్టి, ఏజెంటుతో కారెక్కి డ్రైవరును బార్డోలీ పొమ్మంది.

వాళ్లు వెళ్లగానే బాపు మీద విరుచుకుపడ్డాను. "ఎవలడిగిండ్రు నిన్ను? ఎందుకు చెప్పినవు?"

"నూలుదేం తప్పున్నది బిడ్డా? నేసేటోడే నూలును బద్నాం జేస్తడా?"

"మరి సాంచాలో?"

ఆయన నీళ్ల చెంబు తీసి పక్కన పెట్టాడు. చీపురు తీసుకుని తడి నేల ఊడవసాగాడు.

బార్డోలీలో నూలు నెగ్గింది. కంపెనీ సూరత్ ఆఫీసును పెంచింది, నాకు కుర్చీ మారింది. కాగితం నుంచి బట్టకు మారిన కంపెనీ అని ఇప్పుడు మమ్మల్ని గొప్పగా చెప్పుకుంటారు. వానలు పడకముందే బాపు మగ్గాలు పాత ఇనుము బండెక్కాయి. నేను చూడటానికి పోలేదు.

బార్డోలీ గుడ్డతో కుర్తా కుట్టించుకుని ఒక ఆదివారం కోసాడ్‌లోని మా ఇంటికి వెళ్లాను. బాపు కుళాయి దగ్గర బిందె నింపుతున్నాడు. ఏ గుడ్డో చూడగానే పోల్చుకున్నాడు. "జర ఆగు," అని కుళాయి కట్టేసి, రెండు చేతులూ లుంగీకి బాగా తుడుచుకున్నాడు. వేళ్ల సందులు కూడా తుడుచుకున్నాడు. ఆ తర్వాతే కుర్తా అంచు పట్టుకుని చూశాడు.

"మంచిగ నేసిండ్రు," అన్నాడు.