ఐదుకి ఇల్లా పావు

ఒక ముసలావిడ ప్రాణం మీదికి తెచ్చి, ఒక ఆడమనిషి ఉద్యోగం ఊడగొట్టిన ఘనత నాది. పదేళ్లకు పైగా ఆ తప్పు రమణమ్మక్కదనే చెప్పుకుంటూ తిరిగాను. నవ్వదలచుకుంటే నన్ను చూసి నవ్వండి, ఆమెను చూసి కాదు.

అప్పుడు నేను కువైట్లో జాబ్రియాలోని ఒక ఇంట్లో కొత్త డ్రైవర్ని. మాది కోనసీమ. ఇంటిపని చేసే రమణమ్మక్కది కడప దగ్గర పల్లె. ఊళ్లో కూతురి ఇంటర్ చదువు ఆమె జీతం మీదే నిలబడి ఉంది. యజమానురాలిని ఇద్దరం అక్కడి వాడుకలో 'మామా', అంటే అమ్మ, అనేవాళ్లం. ఆ వేసవిలో మామా కుటుంబం మధ్యధరా సముద్రంలో ఓడ ప్రయాణం పెట్టుకుంది. మామా అత్తగారి చక్రాల కుర్చీ తొయ్యడానికి నన్నూ, ఆవిడ మందులు చూడటానికి అక్కనూ తీసుకెళ్లారు.

ఓడ దూరంగా ఆగింది. చిన్న పడవల్లో ఒడ్డుకి దిగాం. తెల్లటి మేడలు, రంగుల గొడుగులు. దొరలూ దొరసానులూ ఇసుకలో ఉప్పుచేపల్లా వరసగా ఆరుతున్నారు. కాసేపటికి మామా పిల్లల్నీ అత్తగారినీ తీసుకుని ముందే వెనక్కి బయల్దేరుతూ, మమ్మల్ని ఊరు చూసి రమ్మంది. "ఆఖరి పడవ ఖమ్సా ఇల్లా రుబ్," అని నాతో అంది.

ఖమ్సా అంటే ఐదు. రుబ్ అంటే పావు. మధ్యలో 'ఇల్లా' మన 'ఇలా' లాగే వినిపించింది. ఐదూ, ఇలా, పావు. అల్పుడికి అరబ్బీ వస్తే పట్టపగలే ఓడ తప్పిస్తాడు.

అత్తగారి మేజోళ్లు సవరిస్తున్న అక్కకు ఆ మాట వినపడలేదు. "మామా ఎన్నింటికి రమ్మన్నాదబ్బీ?" అంది.

"ఐదుంపావుకి."

"సరిగ్గా ఇనినావా?"

"రెణ్ణెల్లలో సగం అరబ్బీ మింగేశానక్కా. నాకు చెబుతావేటి?"

"మింగింది అరిగినాదా అని అడుగుతాండా," అని నవ్వింది.

కువైట్లో నాలుగేళ్లున్నా ఆమెను సముద్రం దగ్గరికి తీసుకెళ్లినవాళ్లు లేరు. చీర కుచ్చిళ్లు పట్టుకుని నీళ్లలో నిలబడింది. "ఇదీ ఒక సముద్రమేనా? మా అంతర్వేది చూడాలి," అని నేను కోతలు కోస్తున్నాను. ముసలావిడ ఐదు గంటల మాత్రలు అక్క చేతిసంచిలోనే ఉండిపోయాయని ఇద్దరికీ తట్టలేదు.

ఐదు దాటిన ఐదు నిమిషాలకు, పది నిమిషాలు ముందే వచ్చామన్న గర్వంతో రేవు చేరాం. పడవ లేదు. మాకోసం మరో పడవ పంపేసరికి ఆరైంది. ఓడలో ముసలావిడ స్పృహ తప్పి ఉంది. చుట్టూ డాక్టర్లు.

ఆవిడ కళ్లు తెరిచాక విచారణ మొదలైంది. "ఈ అబ్బి ఐదుంపావన్నాడు మామా," అంది అక్క.

మామా నావైపు తిరిగింది. "నేనేమన్నాను?"

"ఖమ్సా ఇల్లా రుబ్," అన్నాను చిలకలా. ఆమె వేలు గడియారం మీద ఐదుకి ముందున్న పావు దగ్గర ఆగింది. ఇల్లా అంటే 'తక్కువ' అని అప్పుడు తెలిసింది. వెంటనే నా నోరు అంది: "నేను అదే చెప్పాను మామా. ఈవిడే సముద్రం చూసి కదల్లేదు."

అక్క నన్ను చూసిన చూపు గురించి రాయలేను. వారం తిరక్కుండా ఆమె ఇఖామా, అంటే కువైట్లో ఉండే అనుమతి, రద్దు చేసి ఊరికి పంపేశారు. ఖలాస్. నేను ఆ ఇంట్లోనే ఉన్నాను.

చాలా ఏళ్లకు, కువైట్లోనే అబ్బాసియాలో ఒక కిరాణా కొట్టు ముందు కరివేపాకు ఏరుతూ కనిపించింది. మళ్లీ కువైట్ వచ్చి, ఫింటాస్‌లో వేరే ఇంట్లో పనికి చేరిందట.

"అక్కా... అమ్మాయి?"

"సదువు ఆగిపోయినాది. పెండ్లి చేసేసినా."

తప్పు నాదేనన్నాను.

"నాకెందుకు చెప్తాండావు? నాకు ఆ దినమే తెల్సు. మామాకు చెప్పు. ఈడనే, నా ముందర."

అక్కడే నిలబడి మామాకు ఫోన్ చేశాను. "మామా, ఆనాడు పడవ తప్పింది నావల్ల. ఇల్లా అంటే ఏమిటో నాకు తెలియలేదు. తెలిశాక అబద్ధమాడాను. రమణమ్మక్క ఇక్కడే నా పక్కనుంది."

మామా ఒక్కటే అంది, "ఫోన్ రమణమ్మకివ్వు."

అక్క విని, ఫోన్ తిరిగిచ్చింది. "శుక్రవారం ఇంటికి రమ్మన్నాది. ఎన్నింటికో నేనే ఇనినాలే. నువ్వు చెప్పే పన్లేదు."

అందుకని ఆ కరివేపాకు కట్ట సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇంకెవరి గడియారాన్నీ తెలుగులోకి మార్చను. చేసి, ఆనాడే ఓడ మీద చెప్పాల్సిన మాట చెప్పాను.

"తప్పు నాదక్కా. క్షమించు."