పేర్లు తీసేసి దాచిన గొంతులు

మా తమ్ముడు పోయాడన్న కబురు అతని ఫోనులోంచే వచ్చింది. తెర మీద అతని పేరు చూసి, తిరుగు బస్సెక్కి ఫోను చేస్తున్నాడనుకున్నాను. మాట్లాడింది వేరే మనిషి.

"అమ్మా, ఈ ఫోను గల బాబు మీకేటవుతారు?"

"తమ్ముడు" అన్నాను.

అనకాపల్లి బస్టాండులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడట. ఫోనుకి తాళం ఉంది. తాళం తీయకుండా పిలవగలిగే చోట ఒక్క నంబరే ఉంది, 'అప్ప' అని, అక్కనైన నాది. అది అతనే పెట్టుకున్నాడు. "మనం పడిపోతే పక్కనున్నోడు ఎవరికి సెప్పాలప్పా? తాళం గట్టిగా ఉండాల, ఈ ఒక్క కిటికీ తెరిచుండాల" అనేవాడు. నా ఫోనులోనూ అలాగే పెట్టాడు. నా దాంట్లో ఇప్పటికీ అతని నంబరే ఉంది.

ఆ ఉదయం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చెరకు ట్రాక్టర్లు తెల్లారకముందే రోడ్డెక్కాయి. నేను కీర్తన చదువుకుంటున్నాను. అతను వరండాలో కుర్చీ వేసుకుని ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు. నా చదువు అయ్యేదాకా మీటలు నొక్కడు. అది దేవుని భయమో నా భయమో నేను అడగలేదు. ఆమేన్ అనగానే టకటకలు మొదలయ్యేవి. చోడి అంబలి గ్లాసులో పోసి, ఉల్లిపాయ కోసి పక్కన పెట్టాను. కళ్ళద్దాలు గీతలు పడిపోయాయనీ, కొత్తవి చేయించుకోవడానికి అనకాపల్లి వెళ్తాననీ అన్నాడు. చొక్కా వేసుకుని, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ నా వైపు తిరిగాడు.

"కొత్త అద్దాలొస్తే నువ్వెంత ముసిలిదానివైపోయేవో సరిగ్గా కనిపిస్తాది."

"నీ బట్టతల కూడా కనిపిస్తాది. ఎల్లు, బస్సు దాటిపోతాది."

మా మధ్య ఆఖరి మాటలు ఇవే. ఇంతకంటే మంచి మాటలు ఏవైనా అనుకుని ఉండాల్సిందని కొన్నాళ్ళు బాధపడ్డాను. ఇప్పుడు పడటం లేదు.

అతని భార్య పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. నాకు పెళ్ళి లేదు. ఉద్యోగం ఇంటి నుంచి చేసుకోవచ్చని కంపెనీ అన్నాక విశాఖపట్నంలో గది ఖాళీ చేసి చోడవరం వచ్చేశాడు. ఏం ఉద్యోగం అని ఎవరైనా అడిగితే "కాపలా" అనేవాడు. కంపెనీలు తమ లెక్కలూ కాగితాలూ ఎక్కడో అద్దెకి తీసుకున్న కంప్యూటర్లలో దాచుకుంటాయి. దాన్ని క్లౌడ్ అంటారు. వాటిలోకి రాత్రి ఎవరు వచ్చారు, ఎవరు తలుపు తోసి వెళ్ళిపోయారు, ఎవరు లేని పేరుతో రావాలని చూశారు, ఇవన్నీ పొద్దున్నే చూసుకోవడం అతని పని. లోపలున్నవన్నీ చిక్కుముడి వేసేసి సొమ్ము అడిగేవాళ్ళూ ఉంటారట. అందుకని మరో చోట ఇంకో నకలు ఉంచాలట. ఈ మాటలు నాకు అంబలి తాగుతూ చెప్పేవాడు. నాకు సగం అర్థమయ్యేవి. మిగతా సగం అతని గొంతు వినడానికి విన్నాను.

భూస్థాపన మర్నాడు మా మరిది, అంటే చెల్లెలి భర్త, ఆ ల్యాప్‌టాప్ తెరిచాడు. లోపలికి రానివ్వలేదు. కంపెనీ అప్పటికే ఆపేసింది.

"మట్టైనా ఆరలేదు వదినా. అప్పుడే గెంటీసేరేటి?" అన్నాడు.

నేను అతన్ని కూర్చోబెట్టి, తమ్ముడు చెప్పేదే చెప్పాను. పని మానేసినవాడి ప్రవేశం ఆ రోజే తీసేయాలి. మంచివాడా చెడ్డవాడా అని కాదు, అతని పేరు మీద ఇంకొకడు దూరకుండా. మరిచిపోయిన పాత పేర్ల మీదే దొంగలు వస్తారట. తమ్ముడు ఆ ఆఫీసులో ఉండి ఉంటే ఆ పని అతనే చేసేవాడు. అది సబబే. అయినా ఆ పూట అన్నం సయించలేదు.

అతనికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా పాస్‌వర్డ్ కొడుతుంటే మొహం గోడ వైపు తిప్పుకునేవాడు. నేను కొట్టినా అంతే, కిరాణా కొట్టు ఆయన కొట్టినా అంతే. ఒకసారి నా పాస్‌వర్డ్ ఏమిటో నేనే చెప్పేశాను. నాకిష్టమైన వాక్యం, అధ్యాయంతో సహా. పగలబడి నవ్వాడు.

"ఒసే అప్పా! ప్రతి ఆదివారం మైకులో సదివేది అదే కదే! ఊరంతటికీ తెలిసిందే తాళంసెవి చేసేవేటి?"

తర్వాత ఒకదానికొకటి పొంతన లేని కొన్ని మాటలు నన్నే కలుపుకోమన్నాడు. ఎక్కడా రాయొద్దన్నాడు. నేను కలుపుకుంటున్నంతసేపూ పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. ఫోనుకొచ్చే అంకె కూడా కొడితేగాని తెరుచుకోకుండా చేశాడు. ఆ అంకె తను కూడా నన్ను అడగడు కాబట్టి, అడిగే ప్రతివాడూ దొంగేనని గుర్తుపెట్టుకోమన్నాడు.

ఇంకోసారి నా ఫోనులోకి ఒక సందేశం వచ్చింది. నా ఫొటోలు దాచిన చోటు నిండిపోయిందనీ, వెంటనే ఇక్కడ నొక్కకపోతే అన్నీ పోతాయనీ. తెచ్చి చూపించాను. ఫోను తీసుకోకుండానే అడిగాడు. "తొందరపెడతన్నాడా?" అవునన్నాను. "అయితే మనోడు కాదు. ఆగు, అంతే." నా ప్రార్థనంత చిన్నది ఆ ఉపదేశం. ఇప్పటికీ పాటిస్తున్నాను.

అందరికీ చెప్పాల్సింది మందిరం సంగతి. అతను ఈ ఊరికి చేసిన పని అదే.

కరోనా రోజుల్లో మందిరం మూసి ఉన్నప్పుడు, రాయడం రాని ఆడవాళ్ళు ప్రార్థన మనవుల్ని ఫోనులో మాట్లాడి పంపేవారు. బుచ్చయ్యపేట, రోలుగుంట వైపు నుంచి కూడా వచ్చేవి. సంఘంలో ఎవరో వాటన్నిటినీ క్లౌడ్‌లో ఒక ఫోల్డరులో వేసి, అందరూ విని ప్రార్థన చేయాలని లింకు గ్రూపులో పెట్టారు. లింకు ఉన్నవారెవరైనా తెరవచ్చు. ప్రతి మనవి మీదా చెప్పినావిడ పేరూ ఊరూ ఉన్నాయి. ప్రార్థన కదా, దాచేదేముంది అనుకున్నాం. మందిరం తెరిచాక కూడా అలవాటు అలాగే సాగింది. లింకు ఈ గ్రూపులోంచి ఆ గ్రూపులోకి పోయింది.

రోలుగుంట నుంచి వచ్చే ఒక తల్లి, కూతురికి ఫిట్స్ వస్తున్నాయని ఏడుస్తూ చెప్పుకున్న మనవి, పెళ్ళికొడుకు ఇంటివాళ్ళు విన్నారు. సంబంధం తప్పిపోయింది. ఆ ఆదివారం ఆవిడ మందిరం మెట్ల మీదే నిలబడిపోయింది.

"దేవుడికి సెప్పుకున్న మాట పెళ్ళోరింటికి ఎవలు మోసేరు? సెప్పండి!"

ఎవరో హ్యాక్ చేశారని అందరూ అన్నారు. పాస్టరుగారు మా తమ్ముణ్ణి పిలిచారు. అతను చూసి, తల వంచుకుని అన్నాడు. "ఎవడూ తాళం బద్దలుకొట్టలేదండీ. మనమే తలుపు పెట్టలేదు."

ఆ వారమంతా ఆఫీసు పని అయ్యాక దాని మీదే కూర్చున్నాడు. లింకు మూసేశాడు. ఇకమీదట ఎవరూ వినకుండానే వాటికోసం ప్రార్థన చేయాలన్నాడు. ఎప్పుడో ఇచ్చి మరిచిపోయిన అనుమతులన్నీ తీసేశాడు. మనవుల మీది పేర్లు చెరిపేసి అంకెలు వేశాడు. ఎవరి అంకె వారికే చెప్పి, తన దగ్గర పేర్లు ఉంచుకోలేదు. మనవికి జవాబు వచ్చాక సాక్ష్యం చెప్పి, ఆ అంకె చెబితే, దాన్ని చెరిపేస్తానన్నాడు. ఆ పైన స్త్రీల కూడికలో నిలబడి ఇదంతా వివరించాడు. చెమటలు పట్టాయి అతనికి.

"ఎక్కడుంటాది బాబూ అది?" అని ఒక పెద్దావిడ అడిగింది.

"ఎక్కడో పెద్ద గదుల్లో కంప్యూటర్లుంటాయి పిన్నీ. ఏ ఊరో నాకూ తెలీదు."

"అయితే మొకం తెలీనోళ్ళింట్లో మా ఏడుపులు పెట్టీసేవన్నమాట."

"ఇల్లు ఆళ్ళది, గట్టిదే. గదికి తాళమెయ్యడం మాత్రం మన పని. అది మనం చెయ్యలేదు."

"మరి ఆళ్ళు ఇనీరేటి?"

"ఇన్నా ఎవరిదో తెలీకూడదనే పేర్లు తీసేసేను."

వెనక నుంచి ఇంకొకావిడ అంది. "నాది పేరుతోనే ఉంచీ బాబూ. మా ఆయన తాగుడు చీడికాడ దాకా తెలుసు." అందరూ నవ్వారు. రోలుగుంట తల్లి నవ్వలేదు. తమ్ముడు కూడా నవ్వలేదు. ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళి కూర్చుని వచ్చాడు. సంబంధం మళ్ళీ రాలేదు. కానీ ఆవిడ తర్వాత కూడా మనవులు చెప్పింది, అతను ఉన్నాడన్న నమ్మకంతో.

తాళం ఇద్దరి దగ్గర ఉండాలన్నాడు, ఒకరికేమైనా అయితే ఇంకొకరు. రెండో మనిషిగా నన్ను పెట్టాడు. "తియ్యగలిగినంత మాత్రాన తియ్యొద్దప్పా" అన్నాడు. అంతే చెప్పాడు.

ఒక రోజు మందిరం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు. "ఈవేళ నేనూ ఒక మనవి సెప్పీసేనప్పా అందులో."

"ఏటని?"

"నీకు సెప్తే దిగులు పడతావు."

"అంకెయినా సెప్పు."

నవ్వి తువ్వాలు అందుకున్నాడు. నేను మళ్ళీ అడగలేదు.

ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. నాకు గొంతు పంపాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు. మా చెల్లితోనూ ఫోనులో మాట్లాడటమే. ఫొటోలు ఉన్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు, ఆ ఫోల్డరులో తప్ప.

తమ్ముడు పోయినందుకు మందిరంవాళ్ళు మా ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక అయిన సాయంత్రం, అందరూ వెళ్ళిపోయాక, రోలుగుంట తల్లి వెనక్కి వచ్చింది. గుమ్మం దాటకుండా అడిగింది.

"బాబు ఎల్లిపోనాడు. మరి మా మాటలు ఎవల సేతిలో ఉన్నాయమ్మా?"

"నా చేతిలో."

నా కళ్ళలోకి చూసింది. "ఇన్నావా?"

"లేదు."

"ఇనాలనుందా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "మా తమ్ముడిది ఒకటుంది అందులో" అన్నాను. ఆవిడ కొంగు సర్దుకుని, బస్సుకి వెళ్ళిపోయింది.

చెల్లి ఇదంతా లోపలి నుంచి విన్నది. ఫోను తెచ్చి నా ముందు పెట్టింది.

"ఒక్కసారప్పా. అన్నయ్య గొంతు ఒక్కసారి."

"ఏదో తెలీదు కదే."

"మొదటి మాట వినగానే తెలిసిపోతాది. మనోడిది కాకపోతే ఆపీడమే."

"ఆ మొదటి మాట ఇంకొకరిది."

"పోనీ, అందర్నీ పిలిచి ఎవరిది వాళ్ళని తీయించీమను. ఆకర్న మిగిలింది అన్నయ్యదే కదా?"

అది నేనూ ఆలోచించాను, ప్రార్థనలో ఉండి కూడా. కానీ చెప్పినవారిలో కొందరు చనిపోయారు. కొందరు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు. అంకె మరిచిపోయినవాళ్ళు ఎంతమందో. మిగిలేది ఒకటి కాదు. ఆ మాటే చెప్పాను, అవి ఉన్నంతకాలం నాకూ వినాలనే ఉంటుంది కాబట్టి అన్నీ చెరిపేద్దామనీ అన్నాను. చెల్లి గోడకి ఆనుకుని ఏడ్చింది. మరిది మంచినీళ్ళు తెచ్చి ఇద్దరికీ ఇచ్చాడు.

"నువ్వెలా అంటే అలాగే వదినా" అన్నాడు. "కాని ఒకసారి పోతే పోయినట్టే. తెలుసు కదా?"

"తెలుసు."

"నువ్వు బతికినన్నాళ్ళూ ఈ ఇంట్లో ఒక్కదానివే."

"అదీ తెలుసు."

చీకటి పడేలోగా ఒక మాట మీదకి వచ్చాం. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పక్క గదిలో నేను కూర్చుంటాను. అంకె గుర్తున్నవారు వచ్చి తమది తీయించుకుంటారు. మిగిలినవన్నీ వినకుండా చెరిపేస్తాం. చెరిపాక కూడా కొన్నాళ్ళు చెత్తబుట్టలో ఉంటాయి కాబట్టి దాన్నీ అప్పుడే ఖాళీ చేస్తాం. ఆ బుట్ట మాట చెల్లే అంది, కళ్ళు తుడుచుకుంటూ, "అదుంటే నేనాగలేనప్పా" అని.

తర్వాత ముగ్గురం మోకరించాం. ఫోను చాప మీద బోర్లా ఉంది. అందులో ఉన్నవారి పేర్లు నాకు తెలియవు, అందుకని పేర్లు లేకుండానే ప్రార్థన చేశాను. అడిగినవన్నీ దయచేయమన్నాను. వాటిలో మా తమ్ముడు అడిగినదీ ఉంది. అదేమిటో తెలియకుండానే ఆమేన్ అన్నాను.