లామినేషన్ చేయించిన అమెరికా మంచు

మా ఆయన చేతికి చిక్కిన కాగితం ఏదైనా ప్లాస్టిక్ తొడుక్కోవాల్సిందే. రేషన్ కార్డు, పెళ్లి ఫొటో, పాస్టరుగారు రాసిచ్చిన వాక్యం, చివరికి వాషింగ్ మిషన్ వారంటీ కూడా మా ఇంట్లో లామినేషన్ అయి మెరుస్తుంటాయి. నేను నర్సు ఉద్యోగానికి సౌదీ బయల్దేరేముందు ప్రేమకొద్దీ నా సర్టిఫికెట్ కూడా చేయించాడు. ప్లాస్టిక్ మీద అటెస్టేషన్ ముద్ర పడదు పొమ్మన్నారు. డూప్లికేట్ కోసం నెలల తరబడి తిరిగాం. బుద్ధున్న మనిషి దాంతో మానేస్తాడు. మా ఆయన మానలేదు.

ఇప్పుడు ఇద్దరం సౌదీలోనే, ఖతీఫ్ ఊళ్లో ఉంటున్నాం. నేను ఆసుపత్రిలో, ఆయన ఓ చమురు సర్వీసు కంపెనీ ఆఫీసులో. మా వార్డుకి ట్రైనింగ్ ఇవ్వడానికొచ్చిన ఒక అమెరికన్ నర్సమ్మ, ఎగ్జిట్ వీసా మీద శాశ్వతంగా వెళ్లిపోతూ నాకో చిన్న బొమ్మ ఇచ్చింది. వాళ్ల ముత్తవ్వ కాలం నాటిది, రాతి అచ్చుతో కాగితం మీదికి దించిన బొమ్మ. మంచు కప్పిన పల్లె, గుర్రం లాగే చక్రాల్లేని బండి, పక్కన ఎర్ర శాలువా కప్పుకున్న ఆడమనిషి.

దాని పుట్టుక కూడా ఆవిడే చెప్పింది. నున్నటి సున్నపురాయి మీద జిడ్డు కడ్డీతో బొమ్మ గీస్తారట. రాయిని తడిపి సిరా పూస్తే తడి ఉన్నచోట అంటదు, జిడ్డు ఉన్నచోట అంటుకుంటుంది. కాగితం పరిచి నొక్కితే నల్ల బొమ్మ దిగుతుంది. రంగులు మాత్రం చేత్తోనే. పొడవాటి బల్ల దగ్గర ఆడవాళ్లు వరసగా కూర్చుంటే, ఒకామె ఆకాశానికి నీలం వేసి పక్కకి జరిపేదట, ఇంకొకామె చెట్లకి పచ్చ, మరొకామె ఎరుపు. పొద్దస్తమానం ఎరుపే. తీరా చూస్తే బొమ్మ కింద అచ్చేయించి అమ్మిన దుకాణందారు పేరు బారెడు అక్షరాల్లో ఉంది. రాయి మీద గీసినాయన పేరు మూలన చీమ తలంత. ఆడవాళ్ల పేర్లు వెతకడం దండగ.

ఈ పద్ధతి నాకు కొత్తేమీ కాదు. మా వార్డులో ఒకరం బీపీ చూస్తాం, ఒకరం సూది వేస్తాం, ఒకరం కట్టు మారుస్తాం. రోగి కోలుకుని ఇంటికి పోతూ, రోజూ గుమ్మం దగ్గర్నించే పలకరించిన డాక్టరుగారికి ఖర్జూరాల డబ్బా ఇస్తాడు.

ఆ శాలువా దగ్గర ఎరుపు గీత దాటి మంచు మీదికి ఒలికింది. ఎరుపు వేసినామెకి చెయ్యి నొప్పెట్టిందో, కునుకే పట్టిందో. ఆ మరకంటే నాకు ప్రాణం. డ్యూటీకి వెళ్లేముందు దాని మీద వేలు పెట్టి చూసుకునేదాన్ని. కాస్త గరుగ్గా తగిలేది. ఈ ఇంట్లో నాకంటూ ఉన్న వస్తువు అదొక్కటే.

ఇంతలో మా ఆయనకి ఒక సంగతి తెలిసింది. వాళ్ల అమెరికన్ మేనేజరు ఇలాంటి పాత అచ్చు బొమ్మలు పోగేస్తాడట. ఇంకేముంది, ఆయన్ని భోజనానికి పిలిచేశాడు.

"ఏమే, ఆ బొమ్మ మా సారుకిచ్చేద్దాం. మురిసిపోతాడు."

"అది నాదండీ. ఇవ్వను."

"దాని విలువ నీకేం తెల్సే? నువ్వు చూసేది ఆ మరకనేగా!"

మళ్లీ ఇవ్వనని చెప్పి డ్యూటీకి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి బొమ్మ తళతళలాడుతూ సోఫా మీద పడుకుని ఉంది. ఆకాశంలో ఒక బుడగ. మంచు బియ్యం కడుగులా మసకబారింది.

"ఎలా మెరుస్తుందో చూడవే! ఇక్కడి ఉక్కకి పాడైపోద్దని మన మలయాళీ జిరాక్సాయన చేత చేయించా. వేడి బాగా తగలనివ్వమన్నా," అన్నాడు, మెచ్చుకుంటానని చూస్తూ.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. సారు వచ్చే వేళయిందని ఏడుస్తూనే బిర్యానీ వండాను.

భోజనాల మధ్యలో మా ఆయన బొమ్మని పెళ్లి సారె తెచ్చినట్టు రెండు చేతులా పట్టుకొచ్చాడు. మేనేజరు అందుకుని, తిరగేసి, మళ్లీ తిరగేశాడు. ఆ మొహం నేను ఆసుపత్రిలో చాలాసార్లు చూశాను, చావు కబురు విన్న బంధువుల దగ్గర. ఇది అసలు బొమ్మేనా అని మెల్లగా అడిగాడు. అవునని మా ఆయన ఛాతీ విరిచాడు. ప్లాస్టిక్ ఊడదీస్తే రంగూ కాగితమూ దాంతోనే వచ్చేస్తాయి, ఇక చేసేదేమీ లేదు, మీరే ఉంచుకోండి అని మేనేజరు బొమ్మని బల్ల మీద పెట్టేశాడు. మా ఆయన తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. నేను మాత్రం మేనేజరుకి అడగకపోయినా ఇంకో గరిటె బిర్యానీ వడ్డించాను.

మేనేజరు వెళ్లాక మా ఆయన మొదలుపెట్టాడు. "ఇలాంటివి లామినేషన్ చేయకూడదని ముందే ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"నాది అని చెప్పానుగా. ఆ ఒక్క మాట చాల్లేదా?"

ఇప్పుడది వంటింటి గోడకి ఉంది. దాన్నిక ఎవరూ అడగరు. ఇంటికొచ్చినవాళ్లకి మా ఆయన కింద అచ్చయిన దుకాణందారు పేరు చూపించి, ఈయనే చేశాడంటాడు. నేను ఎర్ర మరక చూపించి, ఈవిడ చేసిందంటాను. తిరగమోత చిట్లి పడితే తడిగుడ్డతో తుడుస్తాను. అలవాటు చొప్పున మరక మీద వేలు పెడతాను. నున్నగా ప్లాస్టిక్ తగులుతుంది. ఆమె చెయ్యి ఆనిన చోట నా చెయ్యి ఇక ఆనదు.