సాక్ష్యంలో నేను కొట్టేసిన మాటలు

మా తెలుగు సహవాసానికి శుక్రవారమే ఆదివారం. ఒమాన్‌లో సెలవు ఆ రోజే కాబట్టి చర్చి ఆవరణలో మాకిచ్చిన హాల్లో పది నుంచి పన్నెండు దాకా ఆరాధన జరుగుతుంది. పన్నెండున్నరకి మలయాళీలు వస్తారు. ఆలోపు కుర్చీలు సర్ది, టీ ఫ్లాస్కులు తీసుకుని బయటపడాలి. మాలో సగం మంది కోస్తా జిల్లాల నుంచి వచ్చిన నర్సులు. మిగతావాళ్లు రుసైల్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. అందరం ఒకే పాట పాడతాం గాని ఒకే వరుసలో కూర్చోం. ఈ మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను. మూడేళ్ల క్రితం ఇంకెవరైనా రాస్తే కొట్టేసేదాన్ని. కొట్టేశాను కూడా.

నేను వార్డు నర్సుని. మా నాన్న పల్లె సంఘంలో ఉపదేశి, అందుకని వాక్యం నాకు బాగా తెలుసన్న ధీమా చిన్నప్పటి నుంచీ ఉంది. డ్యూటీ లేని రోజుల్లో ఒక వేదాంత కళాశాల వారి సంఘ చరిత్ర కోర్సు ఇంట్లో కూర్చుని చదివేదాన్ని. అందులో నాకు వచ్చిన వ్యాసం పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటన్‌లో క్వేకర్లనే చిన్న క్రైస్తవ శాఖ మీద, ఆనాటి ప్రొటెస్టంటుల భక్తి రచనల మీద.

మొదట వాళ్లు నాకు ఎక్కలేదు. బొమ్మలేని తెల్ల గోడల గదిలో బెంచీల మీద ఊరికే కూర్చోవడమే వాళ్ల ఆరాధన. పాట లేదు, వేదిక లేదు, జీతానికి పెట్టుకున్న పాదిరి లేడు. ఎవరికి లోపల నుంచి మాట వస్తే వాళ్లు లేచి చెప్పాలి, ఇల్లాలైనా సరే, పనిమనిషైనా సరే. మాట రాకపోతే లేచి ఇంటికి పోవాలి. వారాల పేర్లు అన్యదేవతలవని మొదటి దినం, రెండో దినం అని లెక్కపెట్టుకునేవారు. అబద్ధం ఆడేవాడికే ఒట్టు కావాలి, మాకెందుకని కోర్టులో సైతం ప్రమాణం చేసేవారు కాదు.

ఇదంతా మా పాస్టరు అయ్యగారికి చెబితే ఆయన టీ తాగుతూ విన్నారు.

"పాటా లేక, ప్రసంగమూ లేక ఏం చేస్తారమ్మా అంతసేపు? ఐసీయూలో కూర్చున్నట్టు ఉండదూ?"

"మౌనంగా దేవుని కోసం కనిపెట్టుకుని ఉంటారండి. ప్రేరణ కలిగినవాళ్లు లేచి మాట్లాడతారు."

"మన దగ్గర ఆ పద్ధతి పెడితే ఒక్క సిస్టరే రెండు గంటలూ మాట్లాడుద్ది," అని నవ్వారు. ఎవరి గురించో మా ఇద్దరికీ తెలుసు.

ఆ మౌనం మీద నేనూ ఆయనతో కలిసి నవ్వాను. నాకు నచ్చింది వేరే సంగతి. క్వేకర్లు తమ ఆత్మీయ జీవితాన్ని దినచర్యలాగా రాసుకునేవారు. వాటిని అచ్చు వేయాలంటే ముందు లండన్‌లో రెండో దినం, అంటే సోమవారం, పొద్దున పెద్దలు కూడి చదవాలి. సంఘానికి చెడ్డపేరు తెచ్చేవి, తగవులు పెట్టేవి తీసేసి, మిగిలింది అచ్చుకి పంపేవారు. ఇది చదివినప్పుడు, ఇది కదా క్రమమంటే అనుకున్నాను. మా హాల్లో సాక్ష్యాలు ఎలా సాగుతాయో నాకు తెలుసు. ఒకరు ప్రభువు చేసిన మేలుతో మొదలుపెట్టి ఆడపడుచు చేసిన కీడుతో ముగిస్తారు.

ఆ ఏడు సహవాసం వార్షికోత్సవానికి సంచిక వేద్దామన్నారు. సాక్ష్యాలన్నీ ముగ్గురం చదివి, దిద్ది, అప్పుడే అచ్చుకి ఇద్దామని నేనే ప్రతిపాదించాను. క్వేకర్ల ఉదాహరణ చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. ఒక సంఘ పెద్ద, మా హెడ్ నర్సు, నేను, ముగ్గురం కమిటీ. కలం మాత్రం నా చేతికే వచ్చింది.

టీ దగ్గర నిలబడే అక్క నన్ను పట్టుకుంది ఆ వారమే. ఆమెది కడప వైపు పల్లె. అల్ మవాలేలో ఒక ఇంట్లో పదిహేడేళ్లు పనిచేసింది. ఆ ఇంటి పెద్దావిడ మంచాన పడితే పదేళ్లు ఆమెకి అన్నీ తనే చేసింది. పెద్దావిడ పోయింది. ఇక అక్క రెండు నెలల్లో పూర్తిగా ఇంటికి వెళ్లిపోతోంది.

"సిస్టరమ్మా, నా సాచ్చిం గూడా పుస్తకంలో ఎయ్యల్ల. నాకు అచ్చరాలు సదవను వస్తాయి గాని రాయను రాదు. నేను చెప్తా, నువ్వు రాయి."

తర్వాతి శుక్రవారం మా రూమ్‌కి తీసుకెళ్లాను. అన్నం తిన్నాక ఆమె నేల మీద గోడకానుకుని కూర్చుంది. నేను పెన్సిల్‌తో రాశాను.

"నా పాపకు ఎనిమిదేండ్లప్పుడు ఈడికొచ్చినా. ఇప్పుడు దానికే ఒక పాప ఉండాది. పోయిన తూరి ఇంటికి పోతే ఏమనిందో తెలుసునా? ఆ ముసిలామెకు పదేండ్లు చేసినావు గదమ్మా, నాకు ఒగ దినమన్నా జడ ఏసినావా, అనింది. నాకు జవాబు రాలా. ఈడికొచ్చినాక వచ్చింది జవాబు. అది చెప్పనే ఈ సాచ్చిం. దానికి సూపించల్ల."

ఆ తర్వాత ఆమె చెప్పింది ఇది. రెండేళ్లు ఆమెకి శుక్రవారం సెలవు ఇవ్వలేదు. చర్చి లేదు, పాట లేదు. ప్రార్థన చేద్దామంటే మాట వచ్చేది కాదు. "ఆ యమ్మ మంచం పక్కన కింద కూర్చుండేదాన్ని. ఆ యమ్మ వాళ్ల జపం పూసలు తిప్పుకుంటా ఉండేది. నేను ఊరికే ఉండేదాన్ని. ఇద్దరం ఏం మాట్లాడం. గదిలో ఇంగొకరు ఉన్నట్టుండేది. దేవుడేనేమో. నాకు మన హాల్లో ఎప్పుడూ అట్ల అనిపీలేదు."

హాల్లోకి వచ్చిన మొదటి శుక్రవారం గురించీ చెప్పింది. "కుర్చీలో కూర్చోబోతే ఒగ సిస్టరు, అక్కా, టీ కాడ మనిషి లేదు, రొంత సూడు అనింది. నాలుగేండ్లుగా సూస్తానే ఉండా." చెప్పి నవ్వింది. ఆ సిస్టర్ నేనే. ఆమె నా వైపు చూడకుండానే చెప్పింది.

చివరికి ఆ జవాబు చెప్పింది. "ఆ యమ్మకు తలకు పోసేటప్పుడు నీళ్లల్లో మోచెయ్యి ముంచి సూసేదాన్ని. సెగ దిగినాక పోసేదాన్ని. కండ్లల్లో నురగ పడకుండా నొసట చెయ్యి అడ్డం పెట్టేదాన్ని. వయసుకు ఆ యమ్మ తల ముడుచుకపోయి నా పాప తలంతే అయింది. పోసినన్ని దినాలూ నా పాపకే పోసినా." ఆ తర్వాత ఇంకొక వాక్యం ఉంది, కూతురి గురించే. అదీ రాశాను.

ఆ వారమంతా ఎర్ర కలంతో కూర్చున్నాను. అన్యమతస్థురాలి మంచం పక్కన దేవుడు కనిపించాడంటే చదివినవాళ్లు ఏమనుకుంటారని అది కొట్టేశాను. టీ సంగతి సహవాసానికి మచ్చ అని కొట్టేశాను. తలకు పోయడంలో ఆత్మీయత ఏముందని అదీ కొట్టేశాను. వాటి బదులు, ఆరాధనకు దూరమైన దినములలో సహోదరి విశ్వాసమందు స్థిరముగా నిలిచి ఎడతెగక ప్రార్థించెను అని రాశాను. ఆమె ప్రార్థన చేయలేకపోయానని చెప్పింది. నేను ఎడతెగక చేసిందని రాశాను.

కమిటీలో పెద్దాయన ఒక్క మాటే అడిగారు. "ఆ పూసల సంగతేదో ఉందన్నావు?"

"తీసేశానండి."

"మంచిపని చేశావు."

పెన్సిల్‌తో రాసిన కాగితాలు నా యూనిఫారం జేబులో హ్యాండోవర్ కాగితాలతో కలిసి ఉన్నాయి. డ్యూటీ దిగేటప్పుడు రోగుల వివరాలున్న ఆ కాగితాలన్నిటినీ వార్డులో ముక్కలు చేసే మెషీన్‌లో వేసి వెళ్లాలి. అది మా నియమం. అక్క మాటల్ని కూడా అందులో వేసేశాను. అలవాటుకొద్దీ వేశానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అలవాటు కాదు. మెషీన్ నోట్లో పెట్టే ముందు వాటిని విడదీశాను, అవేంటో చూశాను. నా చక్కటి ప్రతి పక్కన ఆ పెన్సిల్ కాగితాలు ఉండటం నాకు ఇష్టం లేకపోయింది.

వార్షికోత్సవం రోజు సంచికలు పంచాం. అక్క టీ బల్ల దగ్గరే నిలబడి, చెయ్యి తుడుచుకుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తన పేజీ చదివింది. చాలాసేపు పట్టింది. కప్పుల కోసం వచ్చినవాళ్లు తామే పోసుకుని వెళ్లారు.

"బాగుండాది సిస్టరమ్మా," అంది. మళ్లీ పేజీ వెనక్కి తిప్పి చూసింది. "నా పాపకు తలకు పోసిన మాట యాడుండాది?"

"పేజీ చాల్లేదక్కా," అన్నాను.

పేజీ కింద నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. అక్కడ పావురం బొమ్మ వేయించింది నేనే. అక్క ఆ పావురాన్ని చూసింది, నన్ను చూసింది. ఒట్టు అక్కర్లేని మనుషుల గురించి వ్యాసం రాసి పంపి అప్పటికి వారం కూడా కాలేదు. అక్క మూడు సంచికలు అడిగి తీసుకుంది. నెల తిరక్కుండా ఇంటికి వెళ్లిపోయింది.

నా వ్యాసం దిద్ది తిరిగి పంపిన మాస్టారు మంచి మార్కులే వేశారు. కమిటీని నేను మెచ్చుకున్న పేరా పక్కన మాత్రం ఒక ప్రశ్న రాశారు. వాళ్లు తీసేసిన మాటలేమిటి, అవి ఎవరివి? జవాబు కోసం మళ్లీ పుస్తకాలు తీశాను. కలలు తీసేశారట. సొంత సంఘం మీద నొప్పితో రాసుకున్నవి తీసేశారు. ఊరూరా తిరిగి మాట్లాడిన ఆడవాళ్లు ఇంట్లో వదిలొచ్చిన పిల్లల కోసం పడ్డ బెంగ ఎంత పోయిందో ఎవరికీ తెలియదు. చేతిరాతలు దొరికిన చోట తెలుస్తోంది, దొరకని చోట ఆ పెద్దలు మిగిల్చిందే వాళ్ల జీవితం. మౌనంగా కూర్చుని దేవుని కోసం కనిపెట్టుకుని ఉన్న మనుషుల గురించి పేజీలు నింపాను. అలా కూర్చున్న ఒక్క మనిషి నా గదిలో, నా ఎదురుగా నేల మీద కూర్చుని చెబితే కొట్టేశాను.

బైబిల్లో ప్రవక్త చెప్పగా లేఖకుడు రాసిన గ్రంథపు చుట్టని రాజు చాకుతో కోసి కుంపట్లో వేసిన సంగతి చిన్నప్పుడు మా నాన్న చెప్పేవాడు. నేనెప్పుడూ ఆ లేఖకుడి పక్షాన ఉండి విన్నాను. చాకు పట్టుకునేది నేనే అవుతానని అనుకోలేదు. ఆ కథలో ప్రవక్త మళ్లీ చెప్పాడు, లేఖకుడు మళ్లీ రాశాడు. ఆ ఆశతోనే అక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, పేజీ చాలకపోవడం కాదు. నేనే తీసేశాను. తప్పు చేశాను. మళ్లీ చెప్పండి, ఉన్నదున్నట్టు రాస్తాను."

  ఫోన్‌లో కోళ్ల అరుపు వినిపించింది.

"ఇప్పుడు రాదు సిస్టరమ్మా. ఆ పొద్దు వచ్చింది. వచ్చింది వచ్చినట్టు నీకిచ్చినా గదా."

"పాప చదివిందా అక్కా?"

"సదివింది. నువ్వు శానా భక్తిపరురాలివి లేమ్మా, అనింది. మడిసి బీరువా మీద పెట్టింది."

కూతురి నంబర్ అడిగితే ఇచ్చింది. మూడు రోజులు చేయలేకపోయాను. చేసిన రోజు వెనక కుట్టు మిషన్ చప్పుడు. ఆ అమ్మాయి బట్టలు కుడుతుంది. నేనెవరో చెప్పాను, వాళ్లమ్మ చెప్పిన మాట చెప్పాను. మిషన్ ఆగింది.

"ఈ మాట మా యమ్మ నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీకు చెప్పడానికే నాతో రాయించింది."

"మరి పుస్తకంలో లేదే?"

పేజీ చాల్లేదన్న మాట మళ్లీ నాలుక మీదికి వచ్చింది. "రాసి కొట్టేశానమ్మా. రాసిన కాగితం కూడా లేకుండా చేశాను."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. "మా యమ్మ ఎట్ల చెప్పిందో అట్లే చెప్పండి, మీ మాటల్లో వద్దు," అంది.

నా కోస్తా యాసలో ఆ మాటలు ఎలా పలికానో నాకే తెలియదు. మోచెయ్యి ముంచడం దగ్గర ఆమె ఆపింది. "అవును. మోచెయ్యే. నాకూ అట్లే సూసేది." తర్వాత నొసట చెయ్యి, ముడుచుకుపోయిన తల. అంతా చెప్పాను.

"అంతేనా?" అంది.

"ఇంకొక వాక్యం ఉంది. మీ గురించే. చివర్లో చెప్పింది."

"ఏంది?"

"గుర్తు లేదమ్మా."

  అమ్మని అడగమని నేననలేదు, అమ్మ ఇప్పుడు రాదనే అంటుందని నాకు తెలుసు. ఆ అమ్మాయి, "గుర్తొస్తే చెయ్యండి," అని పెట్టేసింది.

గుర్తున్నదంతా చేత్తో రాసి పంపాను. కింద, ఇవి మీ అమ్మగారి మాటలు, నాకు జ్ఞాపకం ఉన్నంతవరకు అని రాశాను. ఆ పైన, నేను మరిచిపోయిన వాక్యానికని ఒక గీత ఖాళీగా వదిలేశాను. సహవాసం ముందు లేచి జరిగింది చెప్పాను. అయ్యగారు తల పంకించారు, తర్వాతి పాటకి కీబోర్డు మొదలైంది. ఇప్పటికీ ప్రార్థనలో మోకరించినప్పుడు నేను ముందు అడిగేది ఆ వాక్యాన్నే. నా గదిలో గోడకానుకుని కూర్చున్న అక్క కనిపిస్తుంది, పెదవులు కదులుతాయి, నా పెన్సిల్ కదులుతుంది. మాట మాత్రం వినపడదు.