చెట్లనడిగి మనుషుల్ని రాసుకున్న రోజు

బొండం చెక్కుతున్నప్పుడు వచ్చే పచ్చి వాసన మా కోనసీమ వాళ్ళ ముక్కుకి ఆనదు. పుట్టినప్పటి నుంచీ అందులోనే ఉంటాం కదా! అయినా మొన్న జనాభా లెక్కల పని మీద గోదారి మధ్య లంకలో పడవ దిగేసరికి, రేవులో ఎవరో కత్తితో బొండం కొడుతున్నారు. ఆ వాసన తగిలి నాకు ప్రాణం లేచొచ్చింది. వచ్చిన పని మరిచిపోయి, రత్నం టీచరుగారిని తలుచుకుంటూ అలాగే నిలబడిపోయాను.

ఆవిడ మా బళ్ళో సోషల్ చెప్పేవారు. గోడకి పటం తగిలించగానే, "ఇది నిన్నటి సంగతర్రా. గోదారి ఇవాళ ఎక్కడుందో వెళ్ళి చూసొచ్చినవాడికే తెలుస్తుంది" అనేవారు. నేను అదే బళ్ళో టీచరుగా కొత్తగా చేరిన రోజుల్లోనే జనాభా లెక్కలు వచ్చాయి. ఆవిడ నా సూపర్‌వైజరు. నాకేమో చేతిరాత మీద ఉన్న శ్రద్ధ నడక మీద ఉండేది కాదు. నాకిచ్చిన పాత పటంలో ఈ లంక ఉన్నచోట నీళ్ళున్నాయి. ఒడ్డున నీడ చూసుకుని కూర్చుని, 'ఇళ్ళు లేవు' అని గుండ్రంగా రాసేశాను.

నిజానికి గోదారి ఎప్పుడో పాత లంకని కోసుకుపోయి, కాస్త దూరంలో కొత్తగా మేట వేసింది. ఇల్లూ నేలా పోయినవాళ్ళంతా ఆ మేట మీద పాకలు వేసుకున్నారు, పిల్లాపాపలతో పెరిగారు. వాళ్ళని ఇవతలివాళ్ళు రాస్తారులెమ్మని అవతలి మండలం వాళ్ళు ఊరుకున్నారు. నేను అసలు ఊరే లేదనేశాను.

టీచరుగారు కాగితం చూసి కోప్పడలేదు. "అమ్మాయ్, నీ దస్తూరీ ముత్యాలే. ఆ ముత్యాల కింద ఒక ఊరు మునిగిపోయింది, అంతే" అన్నారు. నా మొహం మాడిపోయింది. "అక్కడ చిన్న బడుంది. లెక్కలో పిల్లల్లేరంటే దాన్ని ఒడ్డుకి మార్చేస్తారు. అప్పుడు పసివాళ్ళు రోజూ గోదారి దాటాలి. లే, పడవెక్కుదాం."

మొదటి ఇల్లు సూరమ్మగారిది. ఇంట్లో ఎంతమందని అడిగాను. "ఏదో, ఉన్నారు లెండి" అంది. పిల్లలెందరని అడిగితే కళ్ళెర్రజేసింది. "పచ్చగా తిరిగే పిల్లల్ని వేలెట్టి లెక్కెడతారేంటండీ? దిష్టి తగలదేంటి?"

నేను కలం మూసేశాను. టీచరుగారు మాత్రం నవ్వేశారు. "ఆయ్, నిజమేనండి. మనుషుల్ని వదిలేద్దాం. మీ పెరట్లో ఏ కొబ్బరిచెట్టు ఎవరిదో చెప్పండి మరి."

ఆ లంకలో బిడ్డ పుడితే ఒక కొబ్బరిమొక్క నాటి, బిడ్డ పేరుతోనే పిలుచుకుంటారు. ఈ సంగతి నాకు తెలీదు, ఆవిడకి తెలుసు. సూరమ్మ మొహం విప్పారింది. మా చేతులు పట్టుకుని చెట్టు చెట్టుకీ తిప్పింది. "ఇది మా పెద్దోడిదండి, మస్కట్లో ఉన్నాడు. ఇది చిన్నోడిది. ఇయ్యి వాడి పిల్లలయి. ఇదుందే, మహా అల్లరిదండి!" నేను గబగబా రాసుకుంటుంటే టీచరుగారు చెవిలో, "ఇంటిదగ్గర ఉన్నవాళ్ళనే రాయాలి. మస్కట్ చెట్టుని వదిలెయ్" అన్నారు. నవ్వాపుకోలేక చచ్చాను.

చివర ఒక గొయ్యి తీసి ఉంది. పక్కన మొలకెత్తిన కాయ. ఇదెవరిదని అడిగాను. సూరమ్మ నిండు నెలల కోడలి వైపు చూసింది. "ఇంకా రాలేదండి. దార్లో ఉన్నారు."

అందరం పడీ పడీ నవ్వాం. పుట్టనివాళ్ళని ఎలా రాయాలో తెలీక టీచరుగారి వంక చూశాను. "ఫారంలో రాయకూడదమ్మా. నీ నోటుబుక్కులో మాత్రం ఒక గీత ఖాళీగా ఉంచుకో. గోదారీ ఆగదు, జనమూ ఆగరు. మన సిరా ఆరేలోపే లెక్క మారిపోతుంది" అన్నారు.

అప్పటికే పిల్లలు, "చెట్లు రాసుకునే టీచర్లొచ్చేరోయ్!" అని లంకంతా చాటేశారు. సాయంత్రానికి రాయని ఇల్లు ఒక్కటీ మిగల్లేదు. బడి ఎక్కడిదక్కడే ఉండిపోయింది. అంత సంతోషంగా నేను మళ్ళీ ఏ పనీ చేయలేదు.

టీచరుగారు పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు నేనే సూపర్‌వైజర్ని. కాగితం బదులు ఫోను. దాన్లో పటం తెరిస్తే, నేను నిలబడ్డ చోటు నీలంగా, నీళ్ళల్లో ఉంది! పైకే నవ్వేశాను. అంతలో బొండం కొట్టిన అమ్మాయి దగ్గరికొచ్చింది.

"రత్నం టీచరుగారంటే మీరేనాండీ?"

"కాదమ్మా. ఆవిడతో వచ్చినదాన్ని."

"అయితే నన్ను రాయనోళ్ళు మీరేనన్నమాట! మా నాయనమ్మ ఇప్పటికీ చెబుతాదండి, నేను దార్లో ఉన్నానని మీరు రాసుకోలేదంట." బొండం నా చేతికిచ్చింది. "నా చెట్టుదేనండి, తాగండి. ఈసారి మాత్రం మా ఇంట్లో నన్నే ముందు రాయాలి."

ఇంటి పెద్దని ముందు రాయడం రూలు. దాన్ని పక్కన పెట్టి, ఈ లంకకి వస్తున్నానని సంచిలో పెట్టుకున్న పాత నోటుబుక్కు తీశాను. పదిహేనేళ్ళుగా ఖాళీగా ఉన్న గీత మీద, అమ్మాయి చెబుతుంటే, 'గంగ' అని రాశాను. తరవాతే ఫోను తీశాను. గంగ పేరు కింద ఇంకో గీత ఖాళీగానే ఉంచాను.